వెర్నర్ లెక్కపెట్టాడు, మనం బట్టీ పట్టిస్తున్నాం

పదేళ్లు దాటింది. నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్న రోజులు. వీక్లీ టెస్టులో ఒక బిట్టు వచ్చింది. కోబాల్ట్ చుట్టూ రెండు ఇథిలీన్‌డైఅమీన్‌లు (ఒక్కోటి రెండు చోట్ల లోహాన్ని పట్టుకునే అణువు), రెండు క్లోరిన్‌లు ఉన్న అయాన్‌కు ఎన్ని స్టీరియో ఐసోమర్లు, అంటే అవే భాగాలు చుట్టూ వేరేగా అమరిన రూపాలు, ఉంటాయి? కీలో జవాబు రెండు. దేవరకొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి మూడు అని పెట్టింది. మార్కు పోయింది. సాయంత్రం స్టడీ అవర్లో పేపరు పట్టుకుని వచ్చి, "సార్, సిస్‌ని అద్దంలో చూస్తే వేరే ఉంటది కదా, అది లెక్కలకు రాదా?" అని అడిగింది.

ఆమె చెప్పిందే నిజం. క్లోరిన్‌లు ఎదురెదురుగా ఉన్న ట్రాన్స్ ఒకటి, పక్కపక్కన ఉన్న సిస్‌లో ఒకదానికొకటి ప్రతిబింబాలైనవి రెండు, మొత్తం మూడు. పైవాళ్లకు చెప్పాను. మెటీరియల్ అన్ని బ్రాంచీలకూ వెళ్లిపోయింది, ఇప్పుడు కీ మార్చలేం, పిల్లల్ని కన్‌ఫ్యూజ్ చేయొద్దు అన్నారు. ఆ అమ్మాయికి ఆ ఒక్క మార్కు కలిపించలేకపోయాను. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

అప్పటి నుంచి ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. సమన్వయ సమ్మేళనాల్లో (లోహం చుట్టూ వేరే అణువులో అయాన్లో కూర్చుని ఉండేవి) ఐసోమెరిజాన్ని, అంటే అవే భాగాలతో వేర్వేరు పదార్థాలు రావడాన్ని, మనం తలకిందులుగా చెబుతున్నాం. అయనీకరణ, హైడ్రేట్, కోఆర్డినేషన్, లింకేజ్, జ్యామితీయ, ఆప్టికల్ అని ఒక వరస ఇచ్చేస్తాం. ఒక్కోదానికి ఒక ఉదాహరణ. పిల్లలు దాన్ని ఎక్కాల్లా ఒప్పజెబుతారు. కానీ ఈ జాబితా పుట్టకముందు ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టాడు. ఎన్ని రకాలు రావచ్చు, ఎన్ని వచ్చాయి అని. ఆ లెక్క నుంచే లోహం చుట్టూ అణువులు ఎలా కూర్చుని ఉంటాయో లోకానికి తెలిసింది. పాఠం అంటే ఆ లెక్క. దాన్ని వదిలేసి పేర్లు మాత్రం మిగుల్చుకున్నాం.

ముందు తెలుగు మాట దగ్గరే చిక్కుంది. తెలుగు మీడియం పుస్తకాల్లో ఐసోమెరిజానికి సాదృశ్యం అని ఉంటుంది. సాదృశ్యం అంటే పోలిక, ఒకేలా కనబడటం. పిల్లవాడు ఆ మాట వినగానే ఇవి ఒకదాన్నొకటి పోలిన పదార్థాలు అనుకుంటాడు. అసలు సంగతి దానికి ఎదురు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా. ఒకటి మందు, ఒకటి దేనికీ పనికిరాదు. సమానమైనవి లోపలి భాగాలు మాత్రమే. 1830లో బెర్జీలియస్ గ్రీకు నుంచి ఐసోమర్ అన్న మాట కట్టినప్పుడు చెప్పింది అదే, సమాన భాగాలు కలవి అని. అందుకే నేను క్లాసులో సాదృశ్యం అన్న మాటను రెండో రోజుకు వాయిదా వేసి, మొదటి రోజు బోర్డు మీద రెండు మాటలు రాస్తాను. కలప. పలక. అవే మూడక్షరాలు. ఒకటి అడవిలోంచి వచ్చింది, ఇంకోటి బడికి పోయింది. అక్షరాలు లెక్కపెట్టి చూస్తే తేడా దొరకదు, వరస చూస్తే దొరుకుతుంది. తెలుగు చదవడం వచ్చిన ఏ పిల్లకైనా ఇది ఒక్క నిమిషంలో అందుతుంది.

ఇక ఆ మనిషి సంగతి. ఆల్ఫ్రెడ్ వెర్నర్, 1866లో అల్సేస్‌లోని మ్యూలూజ్‌లో పుట్టాడు. ఇరవయ్యారేళ్ల వయసులో, 1893లో, ఈ సమ్మేళనాల మీద తన సిద్ధాంతం అచ్చు వేశాడు. అప్పటికి కోబాల్ట్ క్లోరైడ్, అమోనియా కలిసిన ఉప్పులు రసాయన శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పి. ఆరు అమోనియాలుంటే పసుపు. అయిదు ఉంటే ఊదా కలిసిన ఎరుపు. నాలుగు ఉంటే ఆకుపచ్చ. అన్నిట్లోనూ క్లోరిన్‌లు మూడే. కానీ సిల్వర్ నైట్రేట్ పోస్తే తెల్లటి అవక్షేపం ఒకేలా రాదు. మొదటిదాంట్లో మూడు క్లోరిన్‌లూ దిగుతాయి, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో ఒక్కటే. మిగతా క్లోరిన్‌లు ఎక్కడున్నాయి? ఉన్నాయి, కానీ బయటికి రావు.

డెన్మార్క్‌లో సోఫస్ యోర్గెన్‌సన్ అనే పెద్దాయన అమోనియాలు గొలుసులా ఒకదాని వెనక ఒకటి తగులుకుని ఉంటాయని, లోహానికి నేరుగా అంటుకున్న క్లోరిన్ కదలదని అనేవాడు. ఈ ఉప్పుల్ని ఏళ్ల తరబడి స్వయంగా తయారు చేసినవాడు ఆయన. వెర్నర్ చేతిలో అప్పటికి ఈ ఉప్పుల మీద సొంత ప్రయోగం ఒక్కటీ లేదు. ఉన్నది ఊహ. లోహం నడుమ ఉంటుంది, దాని చుట్టూ ఆరు చోట్లుంటాయి, ఆ ఆరింటిలో కూర్చున్నది కదలదు, బయట ఉన్నది మాత్రమే సిల్వర్ నైట్రేట్‌కు దొరుకుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, లేచి కూర్చుని, మర్నాడు సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాడని చెబుతారు.

సరే, ఆరు చోట్లు. అవి ఎలా ఉన్నాయి? ఒకే తలంలో షడ్భుజిలా ఉండొచ్చు. కింద మూడు, పైన మూడు పట్టకంలా ఉండొచ్చు. లేదా పైన ఒకటి, కింద ఒకటి, నడుమ చుట్టూ నాలుగు, అంటే అష్టముఖి. చూడటానికి ఎక్స్-కిరణాల పద్ధతి అప్పటికి లేదు. వెర్నర్ ఏం చేశాడంటే, నాలుగు అమోనియాలు, రెండు క్లోరిన్‌లు పెట్టి ప్రతి ఆకారంలోనూ ఎన్ని వేర్వేరు అమరికలు వస్తాయో లెక్కపెట్టాడు. షడ్భుజిలో మూడు. పట్టకంలోనూ మూడు. అష్టముఖిలో రెండే: క్లోరిన్‌లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఇంకొకటి. మూడు అమోనియాలు, మూడు క్లోరిన్‌లు పెట్టి చూసినా అంతే, మొదటి రెండు ఆకారాల్లో మూడేసి, అష్టముఖిలో రెండు. ఇక ప్రయోగశాలలో ఎన్ని దొరుకుతాయో చూడాలి. ఎంత వెతికినా రెండు దాటలేదు.

నేను ఇక్కడ పిల్లలకు పానగల్ గుర్తు చేస్తాను. నల్లగొండ పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం మా పిల్లలు చాలామంది చూసినదే. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఏ స్తంభానిదా అని వెతికితే, ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, బయట స్తంభాలన్నీ నిలబెట్టిన తీరు వల్ల వచ్చింది. లోపల నిలబడి నీడను మాత్రమే చూస్తూ, బయట రాళ్లు ఎక్కడెక్కడ ఉంటే ఇలా పడుతుందో వెనక్కి లెక్క కట్టమంటే ఎలా ఉంటుంది? వెర్నర్ చేసింది అలాంటి పని. ఐసోమర్ల సంఖ్య అతనికి దొరికిన నీడ. స్తంభాలు నిజంగా అక్కడే ఉన్నాయని 1921లో వైకాఫ్, పోస్న్‌యాక్ ప్లాటినం ఉప్పు స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలతో చూపించారు. అప్పటికి వెర్నర్ చనిపోయి రెండేళ్లయింది.

యోర్గెన్‌సన్ అడ్డు తగిలిన తీరు నాకు చాలా గౌరవం కలిగిస్తుంది. నాలుగు అమోనియాల ఉప్పులో ఆకుపచ్చది ఒక్కటే దొరికింది, నువ్వు రెండు ఉండాలంటున్నావు, రెండోది ఏదీ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పద్నాలుగేళ్లు పట్టింది. 1907లో వెర్నర్ ఆ రెండో రూపాన్ని తయారు చేశాడు. ఊదా రంగు, చాలా అస్థిరం, అందుకే అన్నాళ్లు చేతికి చిక్కలేదు. యోర్గెన్‌సన్ దాన్ని చూసి తన సిద్ధాంతాన్ని వదులుకున్నాడు. 1913లో వెర్నర్‌కు నోబెల్ వచ్చింది. ఇంత కథను మనం "సిస్: ఊదా, ట్రాన్స్: ఆకుపచ్చ" అని ఒక గడిలో ఇరికించి, గుర్తుపెట్టుకోండి అంటున్నాం.

అద్దం సంగతికి వస్తే, ఆ దేవరకొండ అమ్మాయి ప్రశ్న ఇక్కడిదే. మళ్లీ తెలుగు అక్షరాలే సాయం వస్తాయి. కలపను వెనక నుంచి చదివితే పలక అవుతుంది, వేరే మాట. వికటకవిని వెనక నుంచి చదివితే వికటకవే. అణువుల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. ట్రాన్స్ రూపం వికటకవి లాంటిది, దాని ప్రతిబింబం అదే. సిస్ రూపం కలప లాంటిది, ప్రతిబింబం వేరే. ఎంత తిప్పినా ఎడమ చెప్పు కుడి కాలికి పట్టనట్టు, అవి రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. మూడు ఇథిలీన్‌డైఅమీన్‌లు ఉన్న కోబాల్ట్ అయితే క్లాసులోనే తల మీద తిరుగుతుంటుంది: మూడు రెక్కల సీలింగ్ ఫ్యాన్. రెక్కలన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి కాబట్టి గాలి కిందికి వస్తుంది. అద్దంలో కనబడే ఫ్యాన్‌ను నిజంగా చేయించి తగిలించి, మామూలు దిక్కులోనే తిప్పితే, గాలి పైకప్పుకు కొడుతుంది.

ఇలా ప్రతిబింబాలున్న సమన్వయ సమ్మేళనాలను విడదీసి చూపించడం 1911లో వెర్నర్, అతని విద్యార్థి విక్టర్ కింగ్ సాధించారు. అయినా కొందరు ఒప్పుకోలేదు. ఇలాంటి రూపాలకు ఉండే, కాంతిని ఎడమకో కుడికో తిప్పే గుణం కార్బన్ వల్ల వచ్చేది, ఇథిలీన్‌డైఅమీన్‌లో కార్బన్ ఉంది కదా అన్నారు. 1914లో వెర్నర్ కార్బన్ ఒక్క పరమాణువు కూడా లేని హెక్సాల్ అనే కోబాల్ట్ ఉప్పును తీసుకుని, దాని రెండు రూపాలనూ వేరు చేశాడు. ఆ ఉప్పును మొదట తయారు చేసింది ఎవరో కాదు, యోర్గెన్‌సనే.

మిగతా రకాలకు ఇంత సమయం అక్కర్లేదు. అయనీకరణ రకం సిల్వర్ నైట్రేట్, బేరియం క్లోరైడ్ సీసాలు రెండూ బల్ల మీద పెడితే అయిదు నిమిషాల పని: బ్రోమైడ్ లోపలుండి సల్ఫేట్ బయట ఉంటే బేరియంతో తెల్లగా దిగుతుంది, సల్ఫేట్ లోపలికి పోయి బ్రోమైడ్ బయటికి వస్తే సిల్వర్‌తో లేత పసుపు దిగుతుంది. హైడ్రేట్ రకానికి ల్యాబులో ఉండే క్రోమియం క్లోరైడ్ సీసా చాలు. అందులోది ముదురు ఆకుపచ్చ, రెండు క్లోరిన్‌లు లోపలున్న రూపం. ఆరు చోట్లా నీళ్లే కూర్చుంటే అదే ఉప్పు ఊదా.

లింకేజ్ రకం దగ్గర మాత్రం నేను ఆగుతాను, ఎందుకంటే దాన్ని నా కళ్లతో చూశాను. ఎమ్మెస్సీలో ఉండగా నైట్రైట్ ఆక్సిజన్ వైపు నుంచి కోబాల్ట్‌ను పట్టుకున్న ఉప్పును తయారు చేశాం. మంచులో చల్లబరుస్తుంటే బీకరు అడుగున ఇటుక రంగు కలిసిన గులాబీ పొడి దిగింది. వడగట్టి, ఆరబెట్టి, చిన్న సీసాలో పోసి తేదీ రాసి షెల్ఫులో పెట్టాను. దసరా సెలవులకు ఇంటికి పోయి, వచ్చి చూస్తే పొడి రంగు పసుపు వైపు తిరిగింది. మూత తీయలేదు, ఏమీ కలపలేదు. లోపల నైట్రైట్ పట్టు మార్చుకుని నైట్రోజన్ వైపు నుంచి పట్టుకుంది, అంతే. ఒక్క పరమాణువు పోలేదు, ఒక్కటి చేరలేదు. అప్పటిదాకా ఐసోమర్ అనేది నాకు పుస్తకంలోని బొమ్మ. ఆ సీసా చేతిలో పట్టుకున్నాక, నడుస్తున్న సంగతి అని తెలిసింది.

ఇవన్నీ ఎందుకు, మనకేం పనికొస్తాయి అనే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. మా పెద్దమ్మకు క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో చూపించాం. ముందు సెలైన్లు ఎక్కించారు, తర్వాత అసలు మందు బాటిల్‌కు వెలుతురు తగలకుండా కవరు తొడిగి పెట్టారు. "ఇదేం మందు కొడుకా, గిట్ల ముసుగేసి పెట్టిన్రు?" అని అడిగింది. లేబుల్ చూశాను. సిస్‌ప్లాటిన్. నేను ఇరవై సార్లు బోర్డు మీద రాసిన పేరు. ప్లాటినం ఉంది పెద్దమ్మా ఇందులో అన్నాను. "బంగారం లెక్కనా?" అంది. అవును, దానికన్నా గట్టిది అన్నాను.

ఆ మందులో ప్లాటినం చుట్టూ ఒకే తలంలో నాలుగు చోట్లు. రెండు అమోనియాలు, రెండు క్లోరిన్‌లు. క్లోరిన్‌లు పక్కపక్కన ఉంటే సిస్, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్. 1845లోనే పెయ్‌రోన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారు చేశాడు, నూట ఇరవై ఏళ్లు ఎవరికీ మందు అని తెలియదు. 1965లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా ఉన్న ద్రావణంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లతో కరెంటు పంపిస్తుంటే, బాక్టీరియా విడిపోవడం మానేసి దారాల్లా సాగిపోయాయి. కారణం కరెంటు కాదని, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగి వచ్చిన ప్లాటినం సమ్మేళనాలని తేలింది. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ క్లోరిన్‌లు అంత తేలిగ్గా ఊడవు. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ, అక్కడ క్లోరిన్ జారిపోయి నీరు చేరుతుంది, ఆ చోటు నుంచి ప్లాటినం డీఎన్ఏను పట్టుకుంటుంది. రెండు చేతులూ పక్కపక్కన ఉన్నందువల్లే డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న, గ్వానిన్ అనే రెండు భాగాలను ఒకేసారి పట్టుకుని ఆ పోగును వంచేయగలదు. ట్రాన్స్‌కు చేతులు ఎదురెదురుగా ఉంటాయి, ఆ పట్టు దానికి రాదు. అవే పరమాణువులు, అదే బరువు. వార్డులో ఆ బాటిల్ కింద కూర్చున్న రాత్రి, సిస్ అనే ఆ రెండక్షరాలు ఒక మనిషి మంచం మీద ఎంత పని చేస్తాయో నాకు అర్థమైంది. ఇది క్లాసులో చెబుతాను. ఏ పిల్లవాడూ ఆ రోజు కిటికీలోంచి బయటికి చూడడు.

సాటి లెక్చరర్లు అనేది నాకు తెలుసు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) దీని నుంచి ఒకటో రెండో బిట్లు వస్తాయి, సిలబస్ కొండంత ఉంది, కథలు చెబుతూ కూర్చుంటే ఎలా అని. ఆ టెన్షన్ నాకూ ఉంది. కానీ బిట్ల లెక్కలోనే చూద్దాం. పేర్ల జాబితా వచ్చిన పిల్లవాడు మెటీరియల్‌లో ఉన్న బిట్టు మాత్రమే చేస్తాడు. లెక్కపెట్టడం వచ్చిన పిల్ల ఏ బిట్టైనా చేస్తుంది. ఆరు చోట్లలో ఆరు వేర్వేరు లైగాండ్లు (లోహం చుట్టూ కూర్చునేవి) పెడితే ఎన్ని వస్తాయి? జాబితా చదివితే ఇది రాదు. లెక్కపెడితే వస్తుంది. ఒక లైగాండ్‌ను పైన పెట్టు. దానికి ఎదురుగా ఏది ఉంటుందన్నది అయిదు రకాలు. మిగిలిన నాలుగింటిని ఎదురెదురు జతలుగా చేయడం మూడు రకాలు. అయిదు మూళ్లు పదిహేను. ప్రతిదానికీ అద్దంలో వేరే రూపం ఉంది, కాబట్టి ముప్పై. ఇందులో కెమిస్ట్రీ కన్నా ఎక్కువగా కావాల్సింది చేతులతో తిప్పి చూసిన అనుభవం.

ఆ అనుభవానికి ఖర్చెంత? రెండు ఆలుగడ్డలు, డజను చీపురు పుల్లలు. బోర్డు మీద అష్టముఖిని గీసినప్పుడు నడుమ నాలుగు చోట్లు ఒక రకం, పైనా కిందా ఉన్నవి ఇంకో రకం అని పిల్లలు పొరబడతారు. బొమ్మ తప్పు అది, వాళ్ల తప్పు కాదు. ఆలుగడ్డను చేతిలో దొర్లిస్తే ఆరు చోట్లూ ఒకటేనని వేళ్లకే తెలిసిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంటర్లో ఇంగ్లిష్ మాటల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చునే పిల్లలు ఈ ఒక్క పాఠంలో ముందు వరసలోకి రావడం నేను ఏటా చూస్తున్నాను. తిప్పి చూడటానికి ఇంగ్లిష్ అక్కర్లేదు.

పోయిన చలికాలం ట్యూషన్ పిల్లలతో అదే చేయించాను. రేగుపళ్ల కాలం. నానబెట్టిన శనగలు అమోనియాలు, రేగుపళ్లు క్లోరిన్‌లు. ముందు నాలుగు శనగలు, రెండు రేగుపళ్లు గుచ్చి ఎన్ని రకాలు వస్తే అన్ని చేయమన్నాను. ఏడు ఆలుగడ్డలు తయారయ్యాయి. ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తిప్పితే ఒకటయ్యేవన్నీ ఒక కుప్పగా వేయమన్నాను. పావుగంట గోల. "ఇది అదే రా, తలకిందులు పట్టుకున్నవ్" అని ఒకడు, కాదని ఒకడు. చివరికి రెండు కుప్పలే మిగిలాయి. నేను చాక్‌పీస్ ముట్టుకోలేదు.

తర్వాత ఇథిలీన్‌డైఅమీన్ వంతు. అది రెండు చోట్లను ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి చీపురు పుల్లను విల్లులా వంచి రెండు చివరలూ గుచ్చాలి. చండూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అబ్బాయి ఒకడు దాన్ని పై చోటు నుంచి కింది చోటుకు ఎదురెదురుగా గుచ్చాలని చూశాడు. పుల్ల పుటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు, అదీ విరిగింది. "సార్, ఇది ఎదురుగ అందదు" అన్నాడు. పక్కపక్క చోట్లనే అందుకుంటుంది అని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. వాడికి ఆ వాక్యం ఇక అవసరం లేదు.

రెండు విల్లులు, రెండు రేగుపళ్లతో ముగ్గురు అమ్మాయిలు మూడు ఆలుగడ్డలు చేశారు. రెండింటిలో రేగుపళ్లు పక్కపక్కనే ఉన్నాయి. అవి రెండూ ఒకటేనని మొదట అనుకుని, ఒకదాన్ని తిప్పుతూ, ఇంకోదాని పక్కన పెడుతూ, మళ్లీ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు. ఒకమ్మాయి బ్యాగులోంచి చిన్న అద్దం తీసి ఒకదాని ముందు పట్టింది. అద్దంలో రెండో ఆలుగడ్డ కనిపించింది. "మూడు" అన్నారు ముగ్గురూ.

దేవరకొండ అమ్మాయి పేపరు నాకు మళ్లీ కళ్ల ముందు కదిలింది. ఏదో చెప్పబోయాను. ఈలోగా చండూరు అబ్బాయి తన ఆలుగడ్డకు ఇంకో పుల్ల గుచ్చి పైకెత్తి పట్టుకున్నాడు. "సార్, ఏడు ఉంటే?"

గంట కొట్టే దాకా మేము ఏడుతోనే ఉన్నాం.